ఆరో ప్రశ్న

మేడ్చల్ బస్ డిపో ఎదురుగా, మొదటి అంతస్తులో ఇన్సూరెన్స్ ఏజెంటు శోభారాణి ఆఫీసు. ఆమె ముందు కుర్చీలో సాలోమోను. సోమవారం, పగలు పదకొండున్నర.

“దీనికన్న తక్కువది లేదా అమ్మా?”

“ఇదే అన్నిట్ల తక్కువది అంకుల్. దీనికన్న తక్కువంటే ఇగ దేవుని మీద భారమేసి ఓడెక్కుడే.”

“ఆయన మీద ఎట్లైన ఏసినం లే. ఈ కాయితం లేకుంటే ఓడోళ్లు ఎక్కనియ్యరంట గదా, అందుకని వచ్చిన.”

“ఎక్కనియ్యరు. మద్రాసుల ఎక్కేకాడనే అడుగుతరు. టికెట్లు కొనంగనే అయిపోయిందనుకుంటరు అందరు. ఇల్లలకంగనే పండుగైతదా? ఎంతమందన్నరు?”

“ఆరుగురం. నేను, మా ఇంటామె ఎలీషమ్మ, బిడ్డ జాస్మిన్, అల్లుడు గిడియోన్, ఇద్దరు మనుమలు. అశ్రిత, జాషువా.”

“ఎన్ని దినాలు?”

“శుక్రారం ఎక్కుడు, బుధారం దిగుడు. నడుమల ఒకదినం శ్రీలంకల దింపి సూపెడ్తరంట.”

“మస్తున్నది. పన్నెండేండ్ల సంది ఈ కాయితాలు రాస్తున్న గని నేనెక్కింది ట్యాంక్‌బండ్ కాడ బోటు ఒక్కటే. ఈ ఓడ సోకు ఎవలది అంకుల్, మీదా, పిల్లలదా?”

“మా ఇంటామెది. నలభై ఏండ్ల సంది సండే స్కూల్ల పిల్లలకు యోనా కత జెప్తది. తుపాను, అలలు, చేప మింగుడు. ఆమె జెప్తాంటే పిల్లలు బెంచీలు గట్టిగ పట్టుకుంటరు, యాడ పడిపోతమో అన్నట్టు. ఇంతజేసి ఆమె సూసిన పెద్ద నీళ్లు షామీర్‌పేట చెరువే.”

“అయ్యో. మరి బాపట్లకో విశాఖపట్నానికో తీస్కపోతే అయిపోతుండె గదా. బస్సుల పోయి బస్సుల వస్తుండె. ఇంత ఖర్చు లేకుండ.”

“అంటే... ఒడ్డు మీద నిలవడి సూసుడు వేరే గదమ్మా.”

“సముద్రం అదే గదా.”

“అదే. అదే గని, ఇప్పుడు కుదిరింది. ఇప్పుడైతేనే కుదురుతది. పిల్లలకు సెలవులు గూడ ఉన్నయి.”

“సరే. ఇనుర్రి, ఈ తక్కువ ప్లాన్ల ఏముంటదో జెప్తా. ఓడల పాణం బాగలేకుంటే ఓడ డాక్టరు ఫీజు వస్తది. ఓడ డాక్టరంటే మన గల్లీ డాక్టరు లెక్క గాదు, చెయ్యి పట్టుకుంటే డాలర్లల్ల బిల్లు. సామాను పోతే కొంత ఇస్తరు. ప్రయాణం ఆగిపోతే కొంత.”

“ఎలికాప్టర్ ఉంటదా?”

“మీకెవలు జెప్పిండ్రు ఆ సంగతి?”

“మా అల్లుడు ఫోన్ల సూసిండు. జోరుగ ఏమన్నయితే ఓడ మీదికెల్లి ఎత్తుకపోతరంట.”

“అది నడిమి ప్లాన్ల ఉంటది. దీంట్ల లేదు.”

“లేదా. సరే సరే, వద్దులే. తక్కువదే రాయి. తక్కువదే మంచిది, దాంట్ల ఎక్కువ అడగరంట గదా.”

“ఎక్కువ ఏం అడగరు?”

“అదే, అదీ ఇదీ. ఒక్క మాటమ్మా.”

“అడుగుర్రి.”

“ఓడల ఎవలన్న... ఊకెనే అడుగుతున్న. ఎవలన్న సచ్చిపోతే ఏం జేస్తరు?”

“ఎందుకు అంకుల్ ఆ మాట, మంచిగ సూసి రానీకె పోతుండ్రు.”

“ఊకెనే. ఎన్కట సముద్రంల ఏస్తుండిరంట.”

“ఇప్పుడట్ల లేదు. ఓడల దానికని సల్లటి రూముంటది. ఒడ్డుకు రాంగనే దింపి, కాయితాలు జేసి, విమానంల ఇంటికి పంపుతరు. దానికి మస్తు ఖర్చయితది.”

“అది ఈ ప్లాన్ల ఉన్నదా?”

“లేదు. అది గూడ నడిమిదాంట్లనే.”

“అదొక్కటి తీసి దీంట్ల కల్పరాదా?”

“కూరగాయలా అంకుల్, కొసరు ఏసుడు.”

“మాకు అల్వాల్ల సమాధుల తోటల జాగ ఉన్నది. వాళ్లమ్మ పక్కన. ఏడ ఏమైనా ఆడికి రావాలె గదా.”

“ఎవలమ్మ పక్కన?”

“ఆఁ?”

“వాళ్లమ్మ అన్నరు. ఎవలమ్మ?”

“ఎవలమ్మేందమ్మా. మాట వరసకన్న. మాట వరసకు.”

“నా కుర్సీల కూసుండి తక్కువ ప్లాన్ అడిగెటోళ్లు సూట్‌కేసు పోతే ఎంతిస్తరని అడుగుతరు. పీనిగె సంగతి ఎవ్వలు అడగరు. ఇంట్ల ఎవలికి బాగలేదు?”

“అందరు బాగున్నరు.”

“అందరు?”

“అందరు మంచిగున్నరు. రాయమ్మా నువ్వు, ఎండ ఎక్కుతాంది.”

“సరే. మీదే మొదలు. షుగర్?”

“లేదు.”

“బీపీ?”

“ఉన్నది. పొద్దుగాల ఒక గోలి ఏస్కుంట.”

“గుండె, ఆస్తమా, ఆపరేషన్లు?”

“ఏమి లేవు.”

“ఆరోది. క్యాన్సర్ గాని, కిడ్నీ గాని, అసోంటి పెద్ద రోగం?”

“నాకా? నాకు లేదు.”

“సరే, మీదయింది. ఇగ ఆంటీది. షుగర్?”

“లేదు.”

“బీపీ, గుండె, ఆస్తమా?”

“లేవు, లేవు.”

“ఆరోది. క్యాన్సర్ గాని, కిడ్నీ—”

“దానికి గీత పెట్టు.”

“గీత పెట్టనీకె రాదు అంకుల్. అవునో కాదో ఒత్తాలె.”

“ఖాళీ ఇడ్సిపెట్టు.”

“ఖాళీ ఇడిస్తే ఫారం ముంగటికి పోదు.”

“నాది రాసినవు గదా. ఆమెదానికి గూడ అదే దించు.”

“అంకుల్.”

“ఏందమ్మా.”

“నా దిక్కు సూడుర్రి. ఎప్పుడు తెల్సింది?”

“ఫిబ్రవరిల. కడుపుల.”

“నీళ్లు తాగుర్రి.”

“వద్దు. డాక్టరమ్మ నన్ను, జాస్మిన్‌ను లోపటికి పిల్సింది. ఎలీషమ్మను బయట బల్ల మీద కూసోవెట్టినం. అద్దం తలుపది. డాక్టరమ్మ జెప్పినంతసేపు ఆమె నాకు కనవడ్తనే ఉన్నది, పక్కన ఎవలదో పసిపిల్లను ఆడిస్తాంది. కోతతోని కాదంట. మందులతోని గోస పెట్టొద్దంట. ఆర్నెల్లంట, ఇంకా తక్కువనో. బయటికొచ్చి పుండని జెప్పినం. కడుపుల పుండయింది, గోలీలేస్కో, కారం తినకు అన్నం.”

“ఆమె నమ్మిందా?”

“నమ్మింది. మామిడికాయ తొక్కంటే పాణమిడుస్తదమ్మా ఆమె. ఆ దినం సంది ముడ్తలేదు. పుండు మానాలె గదా అంటది. మొన్న కొత్త తొక్కు పెట్టి, జాడీ మూతి గట్టి, పైన పెట్టింది, వచ్చే ఏడు తింటా అని. నేనేమనాలె? తినవే, ఏంగాదు అందామంటే, ఎందుకేంగాదు అని అడుగుతది. ముప్పైతొమ్మిదేండ్లు నా ఇంట్ల వండిన మనిషికి ఇంత తొక్కు తినుమని జెప్పనీకె గూడ లేదు నాకు.”

“ఓడ ఎక్కొచ్చన్నదా డాక్టరమ్మ?”

“కాయితం రాసిచ్చింది. తీస్కపోండ్రి, జల్దీ తీస్కపోండ్రి అన్నది. ఆ జల్దీ అన్న మాటనే నా చెవులల్ల తిరుగుతాంది.”

“అల్వాల్ల అంతమంది ఏజెంట్లుండంగ ఇంత దూరం ఎందుకొచ్చిండ్రో ఇప్పుడు సమజైంది.”

“ఆడ ఇన్సూరెన్స్ జేసే రమేష్ మా సంఘపోడే. మంచోడే గని, వాడింటికి పోయి పెండ్లానికి జెప్తడు. వాని పెండ్లాం ఐతారం నాడు మా ఎలీషమ్మ చేతులు పట్టుకొని ఏడుస్తది. గంతే. అందుకని ఎవ్వలం ఎరుకలేని కాడికి వచ్చిన.”

“అంకుల్, ఇగ నా బాధ గూడ ఇనుర్రి. అరవై దాటినోళ్లకు నేనే ఫోన్ జేసి, ఆరు ప్రశ్నలు ఆళ్ల నోటితోనే జెప్పిచ్చుకోవాలె. కాల్ రికార్డ్ అయితది. మీరు ఈడ కూసున్నరు గాబట్టి మీది అయింది. ఆమెది ఫోన్ జేసే అడగాలె.”

“అయితే ఇంక మంచిది గదా.”

“ఏం మంచిది?”

“అడుగు. లేదనే జెప్తది. ఆమెకు తెల్వదు గదా. ఆమె నోటికెల్లి అబద్ధం రానట్టే, నీ ఫారంల అబద్ధం లేనట్టే.”

“ఇసోంటి ఉపాయం యాడ నేర్చుకున్నరు మీరు?”

“ముప్పై ఏండ్లు స్కూల్ బస్సు నడిపిన. ఒక్కనాడు ఎవలిని మోసం జెయ్యలె. ఇది ఉపాయం గాదమ్మా, గతి లేక.”

“బాగానే ఉన్నది. రేపు ఓడల ఏమన్నయితే? కంపెనీ పాత కాయితాలు తీస్తది. ఫిబ్రవరి స్కానింగ్ దొరుకుతది. తెల్సి దాచిండ్రని రూపాయి ఇయ్యరు. ఆమె ఎరుకలేని ఊర్ల దవఖానల పండుకొని ఉంటది, మీరు ఫోన్ పట్టుకొని నాకు జేస్తుంటరు. అప్పుడు నేనేం జెప్పాలె?”

“అవునని రాస్తే?”

“నడిమి ప్లాన్ రాస్తా. ఆ రోగానికి దినాం మందులకు ఇయ్యరు గని, పాణం మీదికొస్తే ఒక హద్దు వరకు ఇస్తరు. ఎలికాప్టర్ ఉంటది. ఇంటికి తెచ్చుడు గూడ ఉంటది. అల్వాల్ దాంక. కొంచెం ఎక్కువ పడ్తది, గంతే. కానీ ఆ ప్రశ్నకు ఆమె అవుననాలె.”

“అంటే ఆమెకు జెప్పాలె.”

“జెప్పాలె.”

“జెప్ప.”

“అంకుల్—”

“నాతోని గాదు. జెప్తాంటే ఆమె మొకం ఎట్లయితదో, అది నేను సూడలేను. పిరికోన్ని అనుకో.”

“మా నాయినకు మేం జెప్పలె. ఊపిరితిత్తులది. దమ్ము అని జెప్పినం. నలుగురం ఉన్నం పిల్లలం, నలుగురం ఒకటే మాట మీదున్నం. ఆఖరికి ఒకనాడు నన్ను దగ్గరికి పిల్సి, ‘శోభా, మీరందరు నా ముంగట ఎందుకట్ల నవ్వుతుండ్రే?’ అన్నడు. నేను టీవీ సప్పుడు పెంచిన. తెల్లారి పోయిండు. ఎనిమిదేండ్లయింది, ఆ మాటకు జవాబు ఇంక ఎతుకుతనే ఉన్న.”

“నువ్వు జెప్పేది నిజమే కావచ్చు.”

“మరి?”

“నిజమే గని, ఆమె ఇప్పుడు ఖుషీగున్నదమ్మా. మనుమరాలికి గౌను కుడుతాంది. ఆ ఖుషీ నేను తియ్య. నువ్వు ఒక్కసారి ఫోన్ జెయ్యి. ఆమె లేదంటే లేదని రాయి. నేను నీకేం జెప్పలె అనుకో.”

“జెప్పిండ్రు గదా.”

“బిడ్డ లెక్కున్నవు. కాళ్లు మొక్కుమంటే మొక్కుత.”

“అయ్యో, కూసోండ్రి. కూసోండ్రి ముందు. జేస్తా. కానీ నేను ప్రశ్న మార్చ, ఉన్నదున్నట్టు సదువుత. ఆమె ఏం జెప్తే అదే రాస్తా.”

“ఆ రోగం పేరు సదువుతవా?”

“అందరికి సదివేదే. మీకు సదువలేదా?”

“అది జల్దీ సదివి దాటెయ్యి. నేనున్నట్టు జెప్పకు. టీ తాగనీకె పోయిండని జెప్పు.”

“మీ అబద్ధాలకు తోడు నావొకటి. స్పీకర్ పెడ్తున్న, ఉలకొద్దు పలకొద్దు. నంబరు ఇదేనా?”

“అదే.”

“హలో, ఎలీషమ్మగారేనా? నమస్తే అమ్మా. నేను మేడ్చల్ కెల్లి, ఇన్సూరెన్స్ శోభారాణిని.”

“ఆఁ, నమస్తే బిడ్డా. ఆయన మీ కాడికే అని పోయిండు. ఒక్క నిమిషం, మిషిను ఆపుత. సప్పుడుకు ఇనవడ్తలేదు. ఆఁ, జెప్పు.”

“ఓడ ప్రయాణానికి మీ ఆరోగ్యం గురించి ఆరు ప్రశ్నలమ్మా. ఉన్నది, లేదు అంటే సాలు. మాట్లాడేది రికార్డ్ అయితది.”

“ఆయన ఉన్నడా పక్కన?”

“...టీ తాగనీకె కిందికి పోయిండ్రు.”

“మంచిగయింది. అడుగు బిడ్డా, ఆయన వచ్చేలోపట జల్దీ అడుగు.”

“షుగర్?”

“లేదు.”

“బీపీ?”

“లేదు.”

“గుండెకు సంబంధించి? ఆస్తమా?”

“లేవు.”

“ఆపరేషన్లు?”

“జాస్మిన్ పుట్టినప్పుడు ఒకటి. అంతే.”

“ఆరోది. క్యాన్సర్ గాని కిడ్నీ గాని అసోంటి పెద్ద రోగం ఏదన్న, లేదనే గదమ్మా?”

“ఉన్నది.”

“అమ్మా, ప్రశ్న మళ్లొకసారి జెప్తా—”

“ఇన్న బిడ్డా. ఉన్నది. క్యాన్సర్. కడుపుల. అట్లనే రాయి. రాస్తున్నవా? దాచిపెడితే రేపు కంపెనోళ్లు ఇయ్యరంట. ఆయనకు తిప్పలయితది. ఆయన తిరగలేడు ఆఫీసులెంట.”

“మీకు... మీకు ఎవలు జెప్పిండ్రమ్మా?”

“ఎవ్వలు జెప్పలె. ఇంట్ల అందరు పుండనే అంటుండ్రు. రికార్డ్ అయితే అయింది గని, జెప్తా. ఎవలికన్న ఒకలకు జెప్పాలె గదా నేను గూడ. నీకు ప్రార్థన చీటీలు ఎరుకనా?”

“లేదమ్మా. మేం హిందువులం.”

“మా స్త్రీల సమాజంల ఒక పద్ధతున్నది. నలభై ఉపవాస దినాలు వచ్చినప్పుడు, వేరే సంఘపోళ్ల చీటీలు మేం తెచ్చుకుంటం, మావి ఆళ్లకిస్తం. ఎరుకున్నోళ్ల కోసమైతే ఎవలైన ప్రార్థన జేస్తరు, ఎరుకలేనోళ్ల కోసం జెయ్యుండ్రి అని మా పాస్టరమ్మ పెట్టింది. చీటిల పేర్లుండవు. తలా ఒకటి తీస్తం. నలభై దినాలు ఆ ఒక్క మనిషి కోసమే మోకాళ్లేసుడు.”

“ఆఁ.”

“ఈసారి సూరారం కెల్లి వచ్చినయి. నాకొచ్చింది టైపు గొట్టిచ్చిన చీటి. చీటికి టైపేందే అని అందరం నవ్వుకున్నం. దాంట్ల ఏమున్నదంటే, ‘ఒక సహోదరి. అరవై ఒక్క ఏండ్లు. కడుపులో క్యాన్సర్. ఆమెకు తెలియదు. సముద్రం చూడాలని ఆశ. ఓడ ఎక్కి వచ్చేవరకు కాపాడు తండ్రీ. ఆమెకు తెలియకుండానే నీ దగ్గరికి తీసుకో.’ గంతే ఉన్నది.”

“అమ్మా...”

“నా ఈడుదే పాపం అనుకున్న. నాలెక్కనే సముద్రం సూడలేదేమో అనుకున్న. ఇరవైమూడు దినాలు ఆ సహోదరి కోసం ఏడ్సి ఏడ్సి జేసిన బిడ్డా. ఆమెకు తెల్వకుండనే తీస్కో తండ్రీ అని నేనే అన్న. ఆమేన్ గూడ నేనే అన్న.”

“ఎట్ల తెల్సింది మరి మీకు?”

“ఇరవైనాలుగో నాడు జాస్మిన్ వచ్చి నా ఒళ్లె టికెట్లు ఏసింది. అమ్మా, మనం ఓడెక్కుతున్నం అన్నది. అందరు నా మొకం దిక్కే సూస్తుండ్రు. మా ఆయన తలుపు కాడ చేతులు కట్టుకొని నిలవడ్డడు, పిల్లల లెక్క నవ్వుతాండు. నేను గూడ నవ్విన. నవ్వి, లోపటికి పోయి, బైబిల్ల ఆ చీటి తీసి మళ్ల సదివిన. ఉన్నవా బిడ్డా?”

“ఉన్ననమ్మా.”

“నాకోసం గాదు నాకు ఏడుపొచ్చింది. మా ఇంట్ల ఎవలికి జెప్పుకోనీకె లేక, సొంత సంఘంల జెప్పుకోనీకె లేక, ఆ మనిషి సూరారం దాంక పోయిండు గదా. చేతిరాతైతే ఎవలన్న గుర్తువడ్తరని పైసలిచ్చి టైపు గొట్టిచ్చిండు గదా. ఆడి చర్చిల చీటీల డబ్బా ముంగట ఒక్కడే నిలవడి చీటి ఏసి వచ్చిండు గదా. అది తలుసుకుంటే గుండె పగిలింది నాకు.”

“మీ ప్రార్థన ఆపేసిండ్రా మరి?”

“ఎట్ల ఆపుతం? ఇంక పదిహేడు దినాలుండె. కానీ ఆ సహోదరిని ఇడ్సిపెట్టిన. ఆమె మొగని కోసం జేసిన.”

“అమ్మా, ఒక్క మాట. మీకు తెల్సని ఆయనకు జెప్పేయొచ్చు గదా. ఇద్దరి బరువు దిగుతది.”

“జెప్తా. ఓడల జెప్తా.”

“ఓడల ఎందుకు?”

“ఓడల మా ఇద్దరికి ఒక రూమంట. జాస్మిన్ ఫోన్ల బొమ్మ సూపెట్టింది. తలుపేస్కుంటే సప్పుడు బయటికి రాదంట. పెండ్లయిన కాడ్నుంచి మా ఇద్దరికి తలుపున్న రూము లేదు బిడ్డా. మొదలు మా అత్తమ్మ, మరుదులు. ఎన్క పిల్ల. ఇప్పుడు మనుమలు మా నడుమల్నే పండుకుంటరు. ఆయన ఫిబ్రవరి కెల్లి ఏడ్వనీకె జాగ లేక తిరుగుతుండు. బాత్రూంల నల్ల ఇప్పి ఏడుస్తడు. బకీటు నిండి పారుతాంటది, నల్ల బంద్ గాదు. నీళ్లన్ని పారవోస్తుండు తాత అని పిల్లలు మొత్తుకుంటరు. నేను వద్దురా, ఊకోండ్రి అంట.”

“మీకు ఇనవడ్తదా?”

“ముప్పైతొమ్మిదేండ్ల మనిషి. నల్ల సప్పుడేది, ఆయన సప్పుడేది ఎరుక గాదా నాకు? ఆయన పూరాగ ఏడ్వాలె బిడ్డా, ఒక్కసారి. దాచుకోకుండ. నేనుండంగనే ఏడిస్తే నేను తుడుస్త. నేను పోయినంక ఎవలు తుడుస్తరు? శుక్రారం ఓడ కదిలినంక, పిల్లలు ఆళ్ల రూముల పండుకున్నంక, తలుపేసి జెప్తా. అప్పటిదాంక ఆయనకు తెల్వనియ్యకు. నాకు తెల్వదనే ధైర్యం మీద నడుస్తుండు ఇప్పుడు. అదొక్కటే ఉన్నది ఆయన చేతుల, అది గుంజుకోకు. ఫారం మీద ఆయన సంతకం గావాలంటే ఆ కాయితం సూపెట్టకుండ పెట్టిచ్చుకో.”

“సరే అమ్మా.”

“ఎక్కువ పడితే పడనియ్యి. మంచి ప్లాన్ రాయి. ఏమన్నయితే ఆయన నన్ను ఎరుకలేని ఊర్ల ఇడ్సి రావద్దు, గంతే. మిగిలింది నాకేం భయం లేదు.”

“అట్లనే రాస్తా.”

“ఆయన వచ్చినంక ఏమన్న తిని పొమ్మను. పొద్దుగాల సుత తినలె. ఉంట మరి.”

“ఉంటనమ్మా.”

“పెట్టేసింది అంకుల్. సాలోమోను అంకుల్, కండ్లు తుడుసుకోండ్రి. ఏడ్వుండ్రి, ఏం గాదు, తలుపు దగ్గరికేస్తా.”

“వద్దు. ఏడ్వ.”

“ఏడ్వుండ్రి, ఈడ ఎవ్వలు లేరు.”

“వద్దమ్మా. ఓడల ఏడ్వాలె అన్నది గదా, ఆడికే దాచిపెడ్త. ఎరుకున్నోళ్లు ఎవ్వలు లేరనే ఆడికి పోయిన. సూరారంల మాకెవ్వలు లేరు. బస్సు ఎక్కి పోయిన. తెల్వకుండ తీస్కపో అని రాసిన. ఆ మాట మీద ఆమెతోనే ఆమేన్ అనిపిచ్చిన. నేనే.”

“మీరు మంచికే రాసిండ్రు.”

“ఇరవైమూడు దినాలు, అమ్మా. పక్క గదిల ఆమె మోకాళ్లేసి ఏడుస్తాంటే, ఎవలికోసమో పాపం అనుకున్న.”

“ఇప్పుడే ఇంటికి పోయి జెప్పుర్రి అంకుల్. ఇద్దరికి తెల్సింది. ఇంక నాలుగు దినాలు ఈ నాటకం ఎందుకు? ఒక్క దినం గూడ పోగొట్టుకోవద్దు మీరు.”

“వద్దు.”

“ఎందుకు వద్దు?”

“ఆమె రూము ఎతుక్కున్నది నాకోసం. తలుపు గూడ ఎతుక్కున్నది. జెప్పేది ఆమె పని. ముప్పైతొమ్మిదేండ్లల్ల ఆమె నన్నడిగింది ఏం లేదు. ఇదొక్కటి ఉండనియ్యి ఆమెకు.”

“సరే. నడిమి ప్లాన్ రాసిన. ఆరోదానికి ఉన్నది అని ఒత్తిన. కంపెనీ ఒప్పుకున్నంక కాయితం మీకు—”

“ఫోన్ మోగుతాంది. ఆమెనే.”

“మెల్లగ. గొంతు సక్కగ జేస్కోండ్రి.”

“హలో. ఆఁ, ఎలీషా. టీ తాగి ఇప్పుడే పైకొచ్చిన... ఫోన్ జేసిందా? ఏమడిగింది?... ఆఁ... ఆఁ... అన్నిటికి లేదని జెప్పినవా?... మంచిగయింది. మంచిగ జెప్పినవు... ఏం లేదు, గొంతు ఎండింది, ఎండ మస్తున్నది ఈడ... తింట. తినే వస్త... నువ్వు మిషిను మీద ఎక్కువసేపు కూసోకు. పుండు నొస్తది... ఆఁ. వస్తున్న.”

“అంకుల్, ఇంత తొణకకుండ ఎట్లాడిండ్రు అబద్ధం?”

“అబద్ధం గాదు బిడ్డా. శుక్రారం దాంక నాకేం తెల్వదు.”